తక్కువైన రింగు ముక్క

ఇంజన్ లోపల ఏదైనా విరిగితే, విరిగినదాన్ని తీసి కొత్తది వేయడంతో పని సగమే అవుతుంది. రాలిన ముక్కలు ఎక్కడికి పోయాయో తేల్చడం మిగతా సగం. మన షెడ్లలో ఆ రెండో సగానికి బిల్లులో చోటు లేదు. పిస్టన్ ఇంత, రింగులు ఇంత, బోరింగు ఇంత, లేబర్ ఇంత అని రాస్తారు గానీ కడిగినందుకు ఇంత అని ఎవరూ రాయరు; రాస్తే ఇచ్చేవాళ్ళూ తక్కువే. బోరు వేయించిన బండి కొన్నాళ్ళకే మళ్ళీ పొగ కక్కితే కొత్త సామాను నాసిరకమని తిట్టుకుంటాం. చాలాసార్లు సామాను తప్పేమీ ఉండదు. లోపల మిగిలిపోయిన చెత్త దాన్ని తినేస్తుంది.

ఎంతవరకు విప్పి కడగాలన్న దాని మీద మెకానిక్కుల్లో రెండు పక్షాలున్నాయి. హెడ్డు, బ్లాకు, పిస్టన్ వరకు విప్పి పని ముగిస్తే హాఫ్ ఇంజన్ అంటారు. ఇంజన్‌ని ఫ్రేము నుంచి దింపి, కేసు రెండు చెక్కలుగా విడదీసి, క్రాంకూ గేర్లూ బయటికి తీస్తే ఫుల్ ఇంజన్. హాఫ్‌తో పోయేదానికి ఫుల్ ఎందుకని ఒక పక్షం. ముక్క లోపల పడ్డాక హాఫ్ అనే మాటే లేదని ఇంకో పక్షం. రెండు వాదనలూ షెడ్ల ముందు బల్లల మీద కూర్చుని నేను విన్నవే. వాటిని ఇక్కడ ఒక మావయ్య, ఒక మేనల్లుడి మాటల్లో పెడుతున్నాను. మావయ్యది పల్నాడులో రోడ్డు పక్క షెడ్డు. అల్లుడు డిప్లొమా చదివి, విజయవాడలో ఒక సర్వీస్ సెంటర్‌లో పనిచేసి, ఇప్పుడు మావయ్య దగ్గర చేరాడు. ముందున్న బండి స్ప్లెండర్. 1994లో హీరో హోండా తెచ్చిన ఈ 97.2 సీసీ బండి మన పల్లెల్లో పాలకీ, పొలానికీ, బడికీ ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. ఇది పాలాయన బండి. ఆయిల్ అడుగంటినా చూసుకోకుండా నడిపితే పిస్టన్ పట్టేసింది.

అల్లుడు: మావయ్యా, బ్లాకు తీశాను. పిస్టన్ స్కర్టు ఒక పక్క చిట్లి ఊడిపోయింది. రెండో రింగు మూడు ముక్కలైంది. ఆ ముక్కల్ని తెల్ల కాయితం మీద గుండ్రంగా పేర్చాను, ఇలా వచ్చి చూడు. పాత బ్లాకు కింది అంచులో పెట్టి కూడా చూశాను. చివరలు కలవట్లేదు. గోరంత ముక్క తక్కువ.

మావయ్య: సైలెన్సర్ దారిన పోయుంటుందిరా. విరిగిన రింగు ముక్క ఎగ్జాస్ట్ వాల్వులోంచి బయటికి కొట్టేయడం మామూలే.

అల్లుడు: అలా పోతే గుర్తు మిగులుతుంది కదా. పిస్టన్ నెత్తి మీద వేలు పెట్టి చూడు, నున్నగా ఉంది. హెడ్డు లోపల కార్బన్ ఎక్కడా చెదరలేదు. ఇనప ముక్క పైన తిరిగి ఉంటే రెండు పక్కలా గాట్లు పడేవి, వాల్వు అంచు నొక్కుకుపోయేది. ఇది పైకి రాలేదు, కిందికే పోయింది.

మావయ్య: పోతే పోయింది. రింగు ఇనుమే కదా, అయస్కాంతానికి దొరుకుతుంది. కింద డ్రెయిన్ బోల్టు విప్పు, కుడి పక్క క్లచ్ కవర్ తియ్యి, జాలీ లాగి కడుగు. పై నుంచి డీజిల్ పోసి, బండి అటూ ఇటూ వంచి, వచ్చిందంతా గుడ్డ మీద వడగట్టు. అందిన చోటల్లా అయస్కాంతం తిప్పు. హాఫ్ ఇంజన్‌తో అయిపోయేదానికి ఇంజన్ దింపుతానంటావేంటి? ఆయనకి తెల్లారితే బండి కావాలి. ఒక పూట పాలు పోయకపోతే వాడుక తప్పుతుంది.

అల్లుడు: రింగు ఒక్కటే అయితే నీ మాటకి ఎదురు చెప్పేవాణ్ణి కాదు. స్కర్టు సంగతేంటి? అది అల్యూమినియం. నువ్వు అయస్కాంతం రోజంతా తిప్పినా దానికి అంటదు. పైగా ఈ ఇంజన్‌లో ఉన్న ఆయిలంతా కలిపి లీటరు. పిస్టన్‌కి అదే, గేర్లకి అదే, క్లచ్‌కి అదే. మధ్యలో గోడ లేదు. పిస్టన్ దగ్గర రాలిన ముక్క నాలుగు గేర్ల పళ్ళ మధ్యకి పోవడానికి అడ్డేమీ లేదు.

మావయ్య: అడ్డు లేకుండా ఎందుకుంటుంది? జాలీ ఉంది. రోటర్ ఉంది. కంపెనీ వాడు ఊరికే పెట్టాడా?

అల్లుడు: సరే, రెండూ విప్పి చూద్దాం.

ఇక్కడ రోటర్ గురించి కాస్త చెప్పాలి. ఈ బండి వాడేవాళ్ళలో చాలామందికి అది ఉందని కూడా తెలియదు. స్ప్లెండర్‌కి కార్లలో ఉండే కాయితం ఫిల్టర్ ఉండదు. కేసు అడుగున ఒక ఇనప జాలీ, క్రాంకు కుడి చివర మూత ఉన్న గుండ్రటి గిన్నె లాంటి రోటర్, అంతే. రోటర్ క్రాంకుతో పాటే నిమిషానికి కొన్ని వేల చుట్లు తిరుగుతుంది. పంపు తోసిన ఆయిల్ ముందు దానిలోకి వస్తుంది. ఆ వేగానికి బరువైన రేణువులు అంచుకి పోయి గోడకి అంటుకుంటాయి, మధ్యలోని తేట ఆయిల్ క్రాంకు బెజ్జంలోంచి బిగ్‌ఎండ్‌కి, అంటే రాడ్డు క్రాంకుని పట్టుకునే చోటి బేరింగుకి, పోతుంది. విడి భాగం ఒక్కటీ అరగకుండా, మార్చే ఖర్చు లేకుండా పనిచేసే ఇంత చక్కని ఏర్పాటు చిన్న ఇంజన్లలో ఇంకోటి లేదని నేను అనుకుంటాను. ఒకటే షరతు. అప్పుడప్పుడు మూత విప్పి ఆ బురద గీకెయ్యాలి. ఆయిల్ మార్పించుకునే వాళ్ళు కూడా ఈ పని చెప్పి చేయించుకోరు.

మూత మీద మూడు స్క్రూలు. వాటి తలలు అరిగిపోయి ఉంటే ఇంపాక్ట్ డ్రైవర్ పెట్టి సుత్తితో కొడితే గానీ కదలవు. మూత లేచాక కనిపించేది బురదే, కానీ రోడ్డు బురద కాదు. ముదురు బూడిద రంగు, కాటుకంత మెత్తన, గోడ చుట్టూ ఒకే మందాన పేరుకుని ఉంటుంది. వెదురు పుల్లతో గీకి బొటనవేలి గోటి మీద పెట్టుకుని ఎండలో తిప్పితే లోపల వెండి పొడి మెరుస్తుంది. అది పిస్టన్. రెండు వేళ్ళ మధ్య నలిపితే గరగరలాడేది రోడ్డు దుమ్ము. అయస్కాంతం పక్కన పెడితే నిలబడేది సిలిండరూ రింగులూ అరిగిన ఇనుము. మెరుపు లేని గోధుమ రంగు నలుసులు క్లచ్ ప్లేట్ల నుంచి వచ్చినవి. ఇంజన్‌లో ఏది ఎంత అరిగిందో ఆ గిన్నె చెబుతుంది.

మావయ్య: గీకే ముందు మధ్య బెజ్జంలో గుడ్డ పీలిక దోపు. లేకపోతే ఆ బురద నువ్వే బిగ్‌ఎండ్‌లోకి తోస్తావు. ఆ, అలా. ఇప్పుడు చెప్పు, ఎంత పట్టిందో చూశావా? దాని పని అది చేసింది.

అల్లుడు: చేసింది, కాదనను. కానీ రోటర్ పట్టేది రోటర్ దాకా వచ్చినదాన్నే. జాలీ దాటి, పంపు దాటి వచ్చేంత సన్నటి పొడి మాత్రమే ఇక్కడికి చేరుతుంది. గోరంత రింగు ముక్క జాలీ దాటదు. జాలీలో చూశాం, స్కర్టు నలుసులు నాలుగు దొరికాయి, రింగు ముక్క లేదు. అంటే అది జాలీ దాకా కూడా రాలేదు. క్రాంకు చెక్కల కిందో, గేర్ల మధ్యో, షిఫ్టర్ డ్రమ్ము పక్క మూలలోనో కూర్చుంది. ఈ రోజు నీ డీజిల్‌కి కదలకపోవచ్చు. గుంటలో పడి బండి ఎగిరినప్పుడు కదిలి గేరు పళ్ళ మధ్యకి వస్తే? ఒక పన్ను విరిగితే రెండో ముక్క తయారవుతుంది. కేసే పగలొచ్చు.

మావయ్య: అన్నీ అయ్యేవే చెబుతున్నావు, కాకుండా పోయేవి చెప్పట్లేదు. సరే, నా మాట విను. నేను విప్పొద్దంటున్నది డబ్బు కోసమో బద్ధకం కోసమో కాదు. బయట చూడు. రోడ్డు మీద లారీ పోయినప్పుడల్లా ఎంత దుమ్ము లేస్తుందో. పొలాల నుంచి వచ్చే ప్రతి ట్రాక్టరూ నల్లరేగడి మోసుకొస్తుంది. మన షెడ్డుకి మూడు పక్కలే గోడ. కంపెనీలో ఈ కేసు మూసినప్పుడు లోపల ఒక్క ఇసుక రేణువు లేదు. అప్పట్నుంచీ దాన్ని ఎవరూ తెరవలేదు. నువ్వు ఈ రోజు తెరిస్తే లోపలికి పోయేది ఏది? ఈ గాలే. ముక్క ఒకటి తీసి, ఇసుక పిడికెడు పోసి మూస్తావు.

అల్లుడు: అంతా తీశాక కడుగుతాం కదా.

మావయ్య: దేంట్లో కడుగుతావు? అదే తట్టలో, అదే డీజిల్‌లో. గేర్లు కడుగుతావు, కేసు కడుగుతావు, చైన్ స్ప్రాకెట్ మీది మడ్డి కూడా అందులోనే కడుగుతావు. ఆఖరికి క్రాంకు ఎత్తి ముంచుతావు. బిగ్‌ఎండ్ రోలర్లకి నాలుగు పక్కలా సందులే. తట్టలో ఉన్న మురికంతా అందులోకి పోతుంది, మళ్ళీ రాదు. క్రాంకుని ప్రెస్ మీద విడగొడితే గానీ ఆ రోలర్లు బయటపడవు. ఇవాళ ఆ బిగ్‌ఎండ్ బాగుంది. రాడ్డు పట్టుకుని పైకీ కిందికీ లాగాను, ఆట లేదు. పక్కలకి ఊగేది ఉండాల్సిన ఆటే. బాగున్న బిగ్‌ఎండ్‌ని కడిగి పాడుచేసిన వాళ్ళని చూశాను. ఫుల్ ఇంజన్ చేయించుకుని వెళ్ళిన బండి కొన్నాళ్ళకే గోల పెట్టుకుంటూ వస్తే, క్రాంకు విప్పి చూస్తే పిన్ను మీద ఇసుక గీతలు.

ఇది తీసిపారేసే వాదన కాదు. పుస్తకంలో ఫుల్ ఇంజన్ అని రాసినవాళ్ళు నేల నున్నగా, తలుపులు మూసి ఉన్న గదిని మనసులో పెట్టుకుని రాశారు. మన మెకానిక్కుల్లో ఎక్కువమంది ఆకాశం కింద పనిచేస్తారు. రోడ్డు దుమ్ములో చాలా భాగం ఇసుక రేణువులు, అంటే క్వార్ట్జ్. మోస్ కొలతలో దాని గట్టిదనం 7. మామూలు స్టీలు దాని కింద గీసుకుపోతుంది. కొత్త పిస్టన్‌కీ సిలిండర్‌కీ మధ్య తల వెంట్రుక కూడా పట్టనంత సందు ఉంటుంది. అందులోకి ఈ రేణువు వెళితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. కాబట్టి విప్పమనేవాడి మీద ఒక బరువు పడుతుంది: విప్పాక శుభ్రంగా ఉంచగలనని ముందు చూపించాలి.

అల్లుడు: నువ్వు చెప్పిన దుమ్ము నిజమే మావయ్యా. కానీ దానికి మందు విప్పకపోవడం కాదు, వరస మార్చడం. ముందు ఇంజన్ బండి మీద ఉండగానే బయటంతా కడుగుదాం. చైన్ కవర్ తీసి స్ప్రాకెట్ చుట్టూ మడ్డి గీకి, ఫిన్నుల మధ్య మట్టి బ్రష్షు పెట్టి తీసి, కేసు మూతి నీళ్ళు చొరకుండా మూసి నీళ్ళతో కొడదాం. సగం ఇసుక అక్కడే పోతుంది. విప్పే ముందు నేల మీద నీళ్ళు చల్లి, రోడ్డు వైపు షట్టర్ దించుదాం. తట్ట ఒకటి కాదు, మూడు. బియ్యం కడిగినట్టే. మొదటి డీజిల్‌లో మడ్డి వదలాలి, రెండో దానిలో నలుసులు పోవాలి, మూడోది అడుగు కనపడేంత తేటగా ఉండాలి. క్రాంకు మొదటి తట్ట మొహం కూడా చూడదు. దాన్ని నిలబెట్టి, పై నుంచి వడగట్టిన డీజిల్ పోసుకుంటూ కడుగుతాను. రోటర్ వైపు బెజ్జంలో ఆయిల్ క్యాన్ ముక్కు పెట్టి కొత్త ఆయిల్ కొడతాను, బిగ్‌ఎండ్ దగ్గర కారే ఆయిల్ తేటగా వచ్చేదాకా ఆపను.

మావయ్య: గాలి?

అల్లుడు: గాలి కేసు బెజ్జాలకే. బేరింగుల మీద పెట్టను. గాలి పెట్టి బేరింగుని గిర్రున తిప్పితే ఆయిల్ లేకుండా తిరిగి గోళీలు గీసుకుంటాయి. మన కంప్రెసర్ ట్యాంకులో నీళ్ళు చేరతాయి, అవి ముందు కిందికి వదలాలి.

మావయ్య: అది తెలిస్తే చాలు. ఆర్‌ఎక్స్ 100 అయితే నీతో ఇంతసేపు వాదించేవాణ్ణి కూడా కాదు. టూ స్ట్రోక్ బండి. పెట్రోలూ ఆయిలూ క్రాంకు మీదుగానే పైకి పోవాలి. పిస్టన్ ముక్కలైతే క్రాంకు బేరింగుల్లోకి పోవడం ఖాయం. దాన్ని విప్పకుండా మూసినవాణ్ణి నేను మెకానిక్కు అనను. బుల్లెట్ పాత ఇంజన్ సంగతి వేరు. దాని ఆయిల్ ట్యాంకు కేసులోనే ఇంకో గదిగా ఉంటుంది. కొత్త కుర్రాళ్ళు కేసంతా కడిగి ఆ గది మర్చిపోతారు. మూసి స్టార్ట్ చేయగానే పంపు ఆ పాత మడ్డినే ముందు తోస్తుంది. ఏ బండికి ఆ బండే. అన్నిటికీ ఫుల్ ఇంజన్ అనొద్దు.

అల్లుడు: అన్నిటికీ అనట్లేదు. ముక్కల లెక్క తేలితే హాఫ్‌తో మూద్దాం. తేలలేదు కదా. ఇంకోటి, నువ్వు డీజిల్ పోసి ఊపుతానన్నావు గానీ, చాలామంది డీజిల్ పోసి ఇంజన్ స్టార్ట్ చేస్తారు.

మావయ్య: నేను చెయ్యను. ఎప్పుడూ చెయ్యలేదు. డీజిల్ పల్చన, బరువు మోయలేదు. మడ్డిని లేపి సన్న బెజ్జాల్లోకి తోస్తుంది. కొంత లోపలే మిగిలి కొత్త ఆయిల్‌ని కూడా పల్చన చేస్తుంది. దానిలో నీకూ నాకూ తేడా లేదు.

అల్లుడు: అయితే తేడా ఉన్న చోటికే వస్తా. అదిగో, బల్ల మీద బోరింగు నుంచి వచ్చిన ఇంకో బండి బ్లాకు. దాన్ని ఎలా కడిగావు?

మావయ్య: పెట్రోల్‌తో. రెండుసార్లు. తళతళలాడుతోంది చూడు.

అల్లుడు: దీని మీద చూడు. ఇది ఉతికిన తెల్ల గుడ్డ, దీని మీద నాలుగు చుక్కలు కొత్త ఆయిల్ వేశాను. ఇప్పుడు బోరు లోపల ఒక్కసారి తిప్పుతా. చూశావా?

గుడ్డ బూడిద రంగుకి తిరిగింది. కళ్ళకి అద్దంలా కనిపించిన సిలిండర్ గోడ మీద నుంచి వచ్చిన బూడిద అది. బోరింగు తర్వాత హోనింగ్ రాళ్ళతో రుద్దినప్పుడు గోడ మీద అడ్డంగా ఏటవాలు గీతలు పడతాయి. ఆ గీతలు కావాలనే వేస్తారు, రింగులు కుదురుకునే వరకు ఆయిల్ నిలిచేది వాటిలోనే. హోనింగ్ రాళ్ళ నుంచి రాలిన సిలికాన్ కార్బైడ్ రేణువులూ, గోడ నుంచి లేచిన ఇనప పొడీ కూడా ఆ గీతల్లోనే ఇరుక్కుంటాయి. కార్బైడ్ గట్టిదనం మోస్ కొలతలో 9 పైనే. రోడ్డు మీది ఇసుక కంటే ఇది పెద్ద శత్రువు, పైగా దీన్ని డబ్బిచ్చి మనమే ఇంటికి తెచ్చుకుంటాం.

మావయ్య: పెట్రోల్‌కి పోనిది ఇంక దేనికి పోతుందిరా?

అల్లుడు: సబ్బు నీళ్ళకి. పెట్రోల్ జిడ్డుని కరిగిస్తుంది, అంతే. జిడ్డు కరిగి పోతుంది, రేణువు గీతలోనే ఉండిపోతుంది. వేడి నీళ్ళలో బట్టల పొడి కలిపి, గట్టి నైలాన్ బ్రష్షుతో గీతలు ఎటు ఉంటే అటూ ఇటూ రుద్దాలి. సబ్బు ఆ రేణువుని గోడ నుంచి విడదీసి నీళ్ళలో తేలుస్తుంది, మళ్ళీ అంటుకోనివ్వదు. నురగ బూడిద రంగు పోయి తెల్లగా వచ్చేదాకా రుద్దాలి. తర్వాత వేడి నీళ్ళతో కడిగి, ఆయిల్ గుడ్డతో తుడిచి చూడాలి. గుడ్డ తెల్లగా వస్తే చాలు. బూడిద కనిపిస్తే మళ్ళీ మొదటికి.

మావయ్య: ఇంజన్ సామానుకి నీళ్ళా! లోపలున్నది ఇనప స్లీవు. నువ్వు టీ తాగి వచ్చేలోపు తుప్పు పట్టేస్తుంది.

అల్లుడు: టీకి వెళ్ళకూడదు, అంతే. నీళ్ళు ఓడగానే గాలి కొట్టి, వెంటనే ఆయిల్ పూయాలి. ఆలస్యమైతే కళ్ళ ముందే ఎర్రబడుతుంది, నువ్వు అన్నది నిజం. కానీ ఆ తుప్పుకి భయపడి కార్బైడ్ పొడిని లోపల వదిలేస్తే కొత్త రింగులు కొద్ది రోజుల్లోనే అరిగిపోతాయి. పొగ మళ్ళీ మొదలు. నువ్వు బోరింగు వాణ్ణి తిడతావు, బోరింగు వాడు పిస్టన్ కంపెనీని తిడతాడు.

మావయ్య గుడ్డని చాలాసేపు చూశాడు. ఈ చోట నేను ఏ పక్షమూ పట్టకుండా ఉండలేను: పెట్రోల్ కడుగుడు ఆపాలి. రేణువు పోదన్నది ఒక్కటే కారణం కాదు. పెట్రోల్ ఆవిరి గడ్డకట్టే చలిలో కూడా నిప్పు అందుకుంటుంది, పల్నాడు ఎండలో చెప్పనే అక్కర్లేదు. చేతులు పెట్రోల్‌లో నానబెట్టుకునే కుర్రాళ్ళ చర్మం పగిలి ఎలా ఉంటుందో షెడ్లకి వెళ్ళే ఎవరికైనా తెలుసు. ఆ పెట్రోల్‌లో ఉండే బెంజీన్ రక్తానికి విషం. బట్టల పొడి పెట్రోల్ కంటే చవక కూడా.

మావయ్య: సరే, బ్లాకుకి ఒప్పుకున్నా. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. కానీ నేను చెప్పేవి కూడా నువ్వు వినాలి. హెడ్డులో వాల్వులు గ్రైండింగ్ పేస్ట్ పెట్టి రుద్దుతావు కదా, ఆ పేస్ట్ కూడా రాతి పొడే. గైడు లోపలికి చుక్క పోయినా గైడు పోయినట్టే. గాస్కెట్ గీకేటప్పుడు స్క్రూ డ్రైవర్ వాడకు. అల్యూమినియం గీసుకుపోయి ఆయిల్ కారుతుంది, లేచిన పొడి లోపల పడుతుంది. ఏ పని చేసినా ముందు కేసు మూతికి గుడ్డ పెట్టు. గజన్ పిన్ లాక్ తీసేటప్పుడు అది ఎగిరి ఎక్కడ పడుతుందో ఎవడూ చెప్పలేడు. ఆ గుడ్డ పెట్టకపోవడం వల్ల హాఫ్ ఇంజన్‌కి వచ్చిన బండి ఫుల్ ఇంజన్ అయిన సందర్భాలు ఉన్నాయి.

అల్లుడు: గుడ్డ అంటే బనియన్ వేస్ట్ కాదు కదా?

మావయ్య: కాదు. బనియన్ వేస్ట్ చేతులు తుడుచుకోడానికి. దాని పోగులు ఊడి లోపల పడితే జాలీకి తట్టుకుంటాయి. పాత చీర గుడ్డ మేలు, పోగు ఊడదు. ఇంక సిలికాన్ గమ్ము. కేసు అంచుకి దట్టంగా పూసి బిగిస్తారు. బయటికి వచ్చినది తుడుస్తారు, లోపలికి వచ్చినది ఎవరు తుడుస్తారు? అది వానపాములా ఎండి, ఒక రోజు ఊడి, జాలీ మీద కూర్చుంటుంది. ఆయిల్ నిండా ఉంటుంది, పంపుకి మాత్రం అందదు. గాస్కెట్ బాగుంటే గమ్ము అసలు వద్దు. కేసు విప్పేవాడికి నా భయం అందుకే. విప్పడం అందరికీ వచ్చు.

అల్లుడు: బోల్టు బెజ్జాలు కూడా ఊదాలి. అడుగు మూసుకున్న బెజ్జంలో ఆయిలో మట్టో మిగిలితే, బోల్టు బిగిసినట్టు చేతికి తెలుస్తుంది గానీ కేసు మీద పట్టు ఉండదు. ఇంకా బిగిస్తే కేసే చిట్లుతుంది. హెడ్డుకి ఆయిల్ ఎక్కేది స్టడ్ చుట్టూ ఉన్న సందులోంచే. కేసు నుంచి బ్లాకు మీదుగా అది తెరిచి ఉందో లేదో గాలి పెట్టి రెండు వైపుల నుంచీ చూడాలి. అది మూసుకుపోతే కింద ఎంత శుభ్రం చేసినా పైన కామ్‌షాఫ్ట్ ఎండిపోతుంది.

మావయ్య: స్టార్ట్ చేశాక టాపెట్ మూత విప్పి చూడు. ఆయిల్ తడి కనిపించకపోతే వెంటనే ఆపెయ్యి.

ఇద్దరూ తేల్చుకోవాల్సింది ఇంకా మిగిలే ఉంది. మావయ్య చెప్పిన పద్ధతినే ముందు చేశారు. డ్రెయిన్ బోల్టు తీసి, డీజిల్ పోసి, బండిని రెండు పక్కలా వంచి, వచ్చినదంతా చీర గుడ్డ మీద వడగట్టారు. స్కర్టు ముక్కలు ఇంకో రెండు వచ్చాయి. వాటిని పిస్టన్ చిట్లిన చోట ఆనించి చూస్తే దాదాపు పూడింది. రింగు ముక్క రాలేదు. అయస్కాంతానికి సన్న పొడి తప్ప ఏమీ అంటలేదు.

మావయ్య: నువ్వు అన్నట్టే లెక్క తేలలేదు. తేలనప్పుడు మూయను. కానీ ముక్క దొరకలేదు కాబట్టే విప్పుతున్నాను. అదే ముక్క ఇప్పుడు గుడ్డ మీదికి వచ్చి ఉంటే, నువ్వు ఎంత చెప్పినా విప్పేవాణ్ణి కాదు.

అల్లుడు: వచ్చి ఉన్నా నేను విప్పమనేవాణ్ణి. ఆయిల్ లేకుండా పట్టేసిన ఇంజన్ ఇది. పిస్టన్ కరిగి అంటుకునేంత వేడి పుట్టినప్పుడు బిగ్‌ఎండ్‌కి ఆయిల్ అందిందని ఎవరు చెబుతారు? చేతికి ఆట తెలియట్లేదంటే రోలర్ల మీద మచ్చ లేదని కాదు.

మావయ్య: మచ్చ ఉందో లేదో క్రాంకు బయటికి తీసినా కనపడదు, ప్రెస్ మీద విడగొట్టాలి. అంత అనుమానం ఉంటే కొత్త క్రాంకు రాడ్డే వేయమంటావు. అప్పుడు ఆ బండి విలువెంత, దాని మీద పెట్టే ఖర్చెంత? పాలాయన దగ్గర ఆ డబ్బు ఉందా? శబ్దం లేదు, ఆట లేదు. నేను అంతకంటే ముందుకు పోను.

అల్లుడు: ఆయనకి చెబుదాం. ఇది ఇలా ఉంది, ఇది తెలియదు అని. డబ్బు ఆయనది, తేల్చుకునేది కూడా ఆయనే. కానీ మూసేసి బాగుంది అని చెప్పొద్దు.

మావయ్య: అలా ఎప్పుడూ చెప్పలేదురా. ఆ కాయితం కదపకు, ముక్కలు అలాగే ఉండనివ్వు. ఆయన వచ్చి తన కళ్ళతో చూడాలి, ఎంత తక్కువైందో. ఫోన్ నేనే చేస్తాను. పాలకి మన షెడ్డు బండి తీసుకెళ్ళమని చెబుతా, పని అయ్యేదాకా ఆయన దగ్గరే ఉంచుకోమంటా. మూసిన తర్వాత వంద కిలోమీటర్లు తిరక్కముందే తీసుకురమ్మని కూడా ఇప్పుడే చెప్పాలి. ఆ ఆయిల్ దించి, రోటర్ మూత మళ్ళీ విప్పి చూడాలి. దానికి లేబర్ తీసుకోం.

అల్లుడు: ఆయిల్ డబ్బులు?

మావయ్య: ఆయిల్ డబ్బులు తీసుకుందాం. బిల్లులో ఈసారి కడుగుడు అని విడిగా ఒక వరుస రాయి. ఎంత సేపు పట్టిందో నువ్వే చూసి వెయ్యి. ఇప్పుడు వెళ్ళి డీజిల్ పట్రా, మూడు తట్టలూ తోము. బయట మడ్డి పోయేదాకా ఇంజన్ బోల్టు ఒక్కటి కూడా ముట్టుకోకు.